ఒంటరి తుఫాను గట్టు దిగలేదు

"అన్నం దగ్గర వద్దత్తయ్యా" అని భ్రమరాంబ అప్పటికి రెండుసార్లు చెప్పింది. వెంకటరత్నమ్మ వినిపించుకోలేదు. మజ్జిగ గ్లాసుకు ఫోన్ ఆనించి నిలబెట్టి, ఇంక చదవమని మనవరాలికి సైగ చేసింది. శుక్లాలు తీయించుకున్నా ఆ చిన్న తెర మీది అక్షరాలు ఆవిడకు చీమలబారులాగే కనిపిస్తాయి.

భ్రమరాంబ బాధ ఫోన్ గురించి కాదు. ఆ నవల రాసిన కుర్రాడు రేపో మాపో ఈ ఇంటి అల్లుడు కావచ్చు. కాబోయే అల్లుడి రాతను పప్పన్నం కలుపుకుంటూ చదివి నవ్వుకోవడం మర్యాద కాదని ఆవిడ వాదన. చదివించుకోవాలనే కదా రాశాడు అని అత్తగారు. మెచ్చుకోవడానికి చదివితే వేరు, మీరు చదివేది అందుకు కాదు కదా అని కోడలు. ఇద్దరి మధ్యా కూర్చున్న వెంకటనారాయణ, చదివేదేదో గొంతు తగ్గించి చదవమని కూతురికి చెప్పాడు. వీధి తలుపు తీసి ఉంది, పక్కింటివాళ్ళకు వినబడుతుంది.

"విననీరా. వేలమంది చదువుతున్నారని వాడే రాసుకున్నాడుగా. పక్కింటివాళ్ళేం పాపం చేశారు?" అంది వెంకటరత్నమ్మ.

మాధురి చదివింది. అన్విత అనే నాయిక, తనకు తెలియకుండానే అంతసేపూ బిగబట్టి ఉంచిన ఊపిరిని వదిలింది.

ముసలావిడ చెయ్యెత్తి ఆపింది. "నిన్నటి భాగంలోనూ ఇదే వదిలింది కదే. మొన్నా అంతే. ఈ పిల్లకు ఉబ్బసం ఉన్నట్టుంది. ఆ నాయకుడు అంత కోటీశ్వరుడు, ఒక్కసారి డాక్టరుకు చూపించడా?"

వెంకటనారాయణకు నవ్వొచ్చింది. భార్య మొహం చూసి దాన్ని మజ్జిగతో పాటు మింగేశాడు.

సంబంధం మహమ్మద్ నగర్ వైపు నుంచి వచ్చింది. రామబ్రహ్మంగారిదీ వీళ్ళలాగే కృష్ణాజిల్లా నుంచి తాతల నాడు వచ్చి, నిజాంసాగర్ కాలువ కింద స్థిరపడిన కుటుంబం. ఒక్కడే కొడుకు, దయానంద్. హైదరాబాదు కంపెనీకి ఇంట్లో కూర్చునే పనిచేస్తాడు. చెడ్డ అలవాట్లు ఏమీ లేవని మధ్యవర్తి చెప్పాడు. నవల రాస్తున్నాడని చెప్పలేదు. అది అలవాట్ల కిందకు వస్తుందని ఆయనకు తట్టి ఉండదు.

మాధురికి ముప్పై దాటాయి. బాన్సువాడ శివార్లో ఇంటి వెనక, కాలువ వారగా ఉన్న మడిలో ట్రే నారు పెంచుతుంది. ప్లాస్టిక్ ట్రేల్లో జల్లించిన మట్టి పోసి, మొలకెత్తిన వడ్లు చల్లుతారు. వేళ్ళు అల్లుకుని చాపలా తయారయ్యాక చుట్ట చుట్టి, నాటు యంత్రంతో పాటు రైతుల పొలాలకు పంపుతారు. యంత్రం కొన్నది తండ్రి. యాసంగి నాట్లలో అది ఏ ఊరు ముందు వెళ్ళాలో, ఏ ఊరు తర్వాత వెళ్ళాలో చూసేది మాధురి. పిట్లం నుంచి కూడా రైతులు ఆమెకే ఫోన్ చేస్తారు. ఇంతకుముందు వచ్చిన సంబంధాలన్నీ ఈ మడి గట్టు దగ్గరే ఆగిపోయాయి. పెళ్ళయ్యాక కూడా ఈ బురద ఎందుకమ్మా అని నవ్వుతూ అడిగారు అందరూ. నవ్వుతూనే మాధురి వాళ్ళను పంపించేసింది. ఇంట్లోవాళ్ళకు తెలుసు, పెళ్ళి వద్దని కాదు, మడి వదలమనే పెళ్ళి వద్దని.

రామబ్రహ్మంగారి కుటుంబం ఆదివారం పొద్దున పెళ్ళిచూపులకు వచ్చింది. కాఫీలు ఇంకా చల్లారలేదు, కాలువకు నీళ్ళు వదిలే లస్కర్ ఫోన్ చేశాడు. సాయంత్రం రావలసిన నీళ్ళు, పైన ఎవరో తూము మూసేయడంతో అప్పుడే వచ్చేస్తున్నాయి. ముందురోజు గింజలు చల్లిన ట్రేలు మడిలో పల్లపు వైపు పరిచి ఉన్నాయి. వాటి మీదికి నీళ్ళెక్కితే గింజ నిలవదు. మాధురి కప్పు కింద పెట్టి, ఏమీ అనుకోవద్దని చెప్పి, పట్టుచీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని వెనక గుమ్మంలోంచి వెళ్ళిపోయింది. పెళ్ళివారికి ఏమనుకోవాలో తెలియలేదు. కాసేపు చూసి వాళ్ళూ వెళ్ళి గట్టు మీద నిలబడ్డారు.

వెంకటనారాయణ తూము సంగతి చూడడానికి బండి మీద పోయాడు. ఆదివారం కాబట్టి పనివాళ్ళలో భీమ్లి, ఆమె తోడికోడలు మాత్రమే ఉన్నారు. చెక్క పలక మీద ట్రేలు పేర్చి, ఇద్దరు చెరో కొస పట్టుకుని మెరకకు మొయ్యాలి. వాళ్ళిద్దరూ ఒక పలక అందుకున్నారు. రెండో పలక దగ్గర మాధురికి జత లేదు. తలెత్తి చూస్తే ఎదురుగా దయానంద్ ఉన్నాడు.

"ఆ కొస కాస్త పట్టుకుంటారా?"

దయానంద్ తన బూట్లు చూసుకున్నాడు. తెల్లవి, కొత్తవి. సిగ్గుపడుతున్నట్టు నవ్వి, జేబులోంచి ఫోన్ తీశాడు. "నేను వీడియో తీస్తానండీ. మంచి మెమరీ అవుతుంది."

రెండో కొస పట్టుకున్నది అతని తల్లి కోటేశ్వరమ్మ. చెప్పులు గట్టు మీద విడిచి, మామిడిచిగురు రంగు పట్టుచీరతోనే మోకాళ్ళ దాకా దిగిపోయింది. ఆ పలకా, దాని తర్వాత ఇంకో పలకా, అన్నీ అయ్యేదాకా మోసింది. పంపు దగ్గర కాళ్ళు కడుక్కుంటూ, తమ పొలానికి కూడా ఈ నారే పంపమని, నాటడానికి కూలీలు దొరకడం లేదని అడిగింది. అప్పటికి ఆమె చీర అంచుకు బురద ఎండి బిగుసుకుపోయింది. సంబంధం కలిసినా కలవకపోయినా నారు మాత్రం కావాలి సుమా అని నవ్వింది. మాధురికి ఆ నవ్వు నచ్చింది. ఈవిడతో ఒక ఇంట్లో ఉండవచ్చు అనుకుంది.

తర్వాత ఇద్దర్నీ ముందుగదిలో కూర్చోబెట్టారు. మాధురి నాన్చకుండా అడిగింది. పెళ్ళయ్యాక కూడా నారు సీజన్లో తను ఇక్కడికి వచ్చి పనిచేసుకోవాలి, అందుకు మీకు అభ్యంతరమా అని. అవన్నీ పెద్దవాళ్ళు చూసుకుంటారని దయానంద్ అన్నాడు. పెద్దవాళ్ళ సంగతి కాదు, మీరేమంటారని ఆమె మళ్ళీ అడిగింది. అతను కర్టెను వైపు చూశాడు. తర్వాత అతనడిగిన ప్రశ్న ఒక్కటే. 'ఒంటరి తుఫాను' పేరు ఎప్పుడైనా విన్నారా అని. వినలేదంది. అది తన కలంపేరు అని, ఫలానా యాప్‌లో తన నవల నడుస్తోందని, వీలున్నప్పుడు చదివి రేటింగ్ ఇవ్వమని చెప్పాడు.

మనిషి నోరు విప్పడు, రాతలోనైనా విప్పుతాడేమోనని మాధురి ఆ రోజే చదవడం మొదలుపెట్టింది. నాయనమ్మ తోడైంది.

నవల పేరులో ఒక ప్రాణం ఉంది, ఒక పంజరం ఉంది. నాయకుడు రుద్రాంశ్ దేవ్ రాథోడ్, ఆసియాలోనే నంబర్ వన్ బిజినెస్‌మాన్. ఆ బిజినెస్ ఏమిటో రచయిత ఎక్కడా చెప్పలేదు. సిమెంటో సబ్బులో ఏదో ఒకటి అనేసినా సరిపోయేది. రుద్రాంశ్ ఆఫీసుకు వెళ్ళి ఫైలు విసిరికొడతాడు, మేనేజరును బయటికి పొమ్మంటాడు, అద్దంలోంచి నగరాన్ని చూస్తాడు, ఇంటికొస్తాడు. అతని కళ్ళు మొదట సముద్రం రంగులో ఉండేవి. కొన్నాళ్ళకు తేనె రంగయ్యాయి. కోపం వస్తే ఎర్రగా, ప్రేమ వస్తే నల్లగా మారేవి. ఈ దేశంలో మామూలుగా మనుషులకుండే కళ్ళు అతనికి ఒక్క భాగంలోనూ లేవు.

అన్విత పేదింటి పిల్ల, అమాయకురాలు. అమాయకురాలంటే డిగ్రీ ప్యాసయింది గానీ లిఫ్టు ఎక్కడం రాదు. ఆమెకు కాలు జారే జబ్బు. మెట్ల మీద జారుతుంది, వంటింట్లో జారుతుంది, గుళ్ళో ప్రదక్షిణ చేస్తూ జారుతుంది. జారినప్పుడల్లా రుద్రాంశ్ పట్టుకుంటాడు, ఇద్దరూ కళ్ళలోకి చూసుకుంటారు, ఆ పూటకు భాగం అయిపోతుంది. అతను ఆమెను కొడతాడు కూడా. కొట్టిన రోజే, ఆమె పడుకున్నాక వచ్చి చెంపకు మందు రాస్తాడు. ఆ పేరాకే అన్నిటికన్నా ఎక్కువ హృదయం బొమ్మలు వచ్చాయి. రావడం చూసి రచయిత మళ్ళీ కొట్టించాడు, మళ్ళీ మందు రాయించాడు.

ఎవరూ అన్నం తినరు. అంత పెద్ద బంగళాలో కరెంటు పోదు, పనిమనిషి సెలవు పెట్టదు, ఎవరికీ జలుబు చెయ్యదు. చచ్చిపోయిన పిన్ని కవల అక్కగా తిరిగొస్తుంది. తలుపు తెరుచుకుంటుంది, ఎదురుగా నిలబడ్డ మనిషిని చూసి అన్విత గుండె ఆగిపోతుంది, అక్కడ ఆపేస్తాడు. మర్నాటి భాగంలో చూస్తే పాలవాడు. కింద రచయిత మాట ఒకటి, జ్వరంగా ఉన్నా మీ కోసమే రాశాను ఫ్రెండ్స్, స్టిక్కర్లిచ్చి ప్రోత్సహించండి అని. జ్వరం నిజమేనేమోనని వెంకటరత్నమ్మ మొదట్లో జాలిపడింది. ఐదారు భాగాలకోసారి వస్తుంటే మానేసింది.

అసలు ఇది మొదట అతని కథ కూడా కాదు. టీవీలో ఏదో సీరియల్లో నాయకుడు చనిపోతే ఓర్చుకోలేక, అభిమానులు కొందరు అతన్ని బతికించి రాసుకున్నారట. దయానంద్ వాళ్ళలో ఒకడు. చదివేవాళ్ళు పెరిగాక పేర్లు మార్చి సొంతం చేసుకున్నాడు. ఆ మార్చడమైనా ఓపిగ్గా చెయ్యలేదు. ఒకచోట రుద్రాంశ్ కారు దిగుతాడు, అభిరామ్ ఇంట్లోకి వస్తాడు. ఇద్దరూ ఒకడేనని తెలిసేదాకా వెంకటరత్నమ్మ ఆ రెండోవాణ్ణి దొంగ అనుకుంది. అన్విత పడగ్గదిలోకి నేరుగా నడిచిపోతుంటే, ఇంట్లో ఎవరూ లేరా అని కంగారుపడింది.

ఒక మధ్యాహ్నం షెడ్డులో మాధురి చదువుతుంటే, ట్రేలు కడుగుతున్న భీమ్లి చెవులు రిక్కించింది. ఆమెది లంబాడీ తండా.

"గా రాథోడ్ ఏ తాండోడు అక్కా?"

రాజస్థాన్ రాజకుటుంబమట అని మాధురి చెప్పింది.

భీమ్లి ఒప్పుకోలేదు. "మా మేనమామలంతా రాథోడ్లే. ఒక్కనికి గూడ హెలికాప్టర్ లేదు. ఉన్న ఒక్క ఆటోకు కిస్తీ నడుస్తుంది."

ఈ తప్పులన్నీ మాధురికి నవ్వు పుట్టించాయి. ఒక్కటి మాత్రం నవ్వు పుట్టించలేదు. అన్విత పుట్టిన ఊరు వర్ణన. ఆ ఊళ్ళో కొండల మీంచి జలపాతం పడుతుంది, దేవదారు చెట్ల మీద మంచు కురుస్తుంది, పొద్దున్న అమ్మాయిలు గజ్జెలు కట్టుకుని పాటలు పాడుతూ నాట్లు వేస్తారు, సాయంత్రం అదే పొలంలో బంగారు కంకులు ఊగుతాయి. పుట్టిన దగ్గర్నుంచి కాలువ గట్టు మీద తిరిగినవాడు రాసిన పొలం అది. వాళ్ళ నాన్న తడికీ తడికీ మధ్య ఆకాశం వైపు, లస్కర్ వైపు ఎలా చూస్తాడో, వాళ్ళమ్మ వేళ్ళ సందులు నాట్ల రోజుల్లో ఎలా పాసిపోతాయో రోజూ చూస్తూనే ఉంటాడు. అందులో ఒక్క ముక్క కూడా అతనికి రాయదగినదిగా తోచలేదు. అతనికి పనికొచ్చేది ఎక్కడో టీవీలో కురిసిన మంచు.

అయినా మాధురి సంబంధం వద్దనలేదు. వెంకటనారాయణ కూతురికి ఓపిగ్గా నచ్చజెప్పాడు. ఊళ్ళో మగపిల్లలు సాయంత్రమైతే ఏం చేస్తున్నారో చూస్తున్నాం కదా, వీడు ఒక మూల కూర్చుని రాసుకుంటాడు, తాగుడు కన్నా నయం కాదా అన్నాడు.

"తాగితే తెల్లారేసరికి దిగుతుందిరా. వీడికి నూట ముప్పై భాగాలైనా దిగలేదు" అంది వెంకటరత్నమ్మ.

భ్రమరాంబ కూడా భర్త పక్షమే. రాత వేరు మనిషి వేరు, చెడ్డ నవల రాయడం నేరమేమీ కాదంది. మాధురికి అది న్యాయంగానే తోచింది. కోటేశ్వరమ్మ బురద చీర గుర్తొచ్చినప్పుడల్లా, ఆవిడ పెంచిన పిల్లాడు మరీ అంత బోలుగా ఉండడనిపించేది. మడి గురించి అడిగిన ప్రశ్నకు జవాబు వస్తే చాలు అనుకుంది. రామబ్రహ్మంగారు శుక్రవారం ఫోన్ చేస్తానన్నారు. అప్పటికి కొడుకుతో మాట్లాడి ఏ సంగతీ చెప్పమని వెంకటనారాయణ ఆయన్ను అడిగాడు.

జవాబు గురువారమే వచ్చింది, ఆసిమా దుకాణంలో.

ఆసిమా మాధురితో పాటు కాలేజీలో చదివింది, రెండేళ్ళు వెనక. ఇప్పుడు బాన్సువాడ బజారులో మ్యాచింగ్ సెంటర్ నడుపుతుంది. జాకెట్టు గుడ్డలూ ఫాల్సూ కొలిచే మధ్యలో ఈ యాప్ కథలన్నీ చదువుతుంది. ఒంటరి తుఫానును ఏడాదిగా చదువుతోంది. మాధురికి వచ్చిన సంబంధం అతనిదేనని తెలిశాక ఆమె సంబరం ఇంతా అంతా కాదు. ఆ రోజు మాధురి నారు సంచుల కుట్టుదారం కోసం బజారుకొస్తే, దుకాణంలోంచే చెయ్యూపి పిలిచింది.

"ఏందక్కా, బురదల జారి పడ్డవంట. నిన్ను ఎత్తుకొని గట్టు దాక మోసిండంట. నాకు ఒక్క ముచ్చటన్న చెప్పలేదు."

మాధురికి అర్థం కాలేదు. ఆసిమా ఫోన్ చేతికిచ్చింది. కొత్త భాగం పొద్దున్నే వచ్చింది. పైన ఒక ఫోటో, ఆడమనిషి పాదాలు, చీర అంచు. పాదాల మీద బురదను ఏదో యంత్రమాయతో తుడిచేసి గులాబీ రేకులు చల్లారు. అంచు చూస్తే తన చీరే. రచయిత మాట ఈసారి పైనే ఉంది. ఫ్రెండ్స్, ఈ ఎపిసోడ్ కల్పన కాదు, మొన్న ఆదివారం నా జీవితంలో నిజంగా జరిగింది, చదివి మీ కాబోయే వదినను ఆశీర్వదించండి.

మాధురి దుకాణం ముందరి స్టూలు మీద కూర్చుని చదివింది. అన్విత పొలంలో కన్నీళ్ళు కారుస్తూ నిలబడి ఉంది. చుట్టూ వరద. ఆమెకు ఏం చెయ్యాలో తోచడం లేదు. రుద్రాంశ్ కోటు విసిరేసి నీళ్ళలోకి దూకాడు. ఆమె కాలు జారింది. అతను పట్టుకున్నాడు. రెండు చేతుల మీద ఎత్తుకుని గట్టెక్కించాడు. గట్టు మీద అతని తల్లి నిలబడి ఉంది. పట్టుచీర నలగకుండా ఎత్తిపట్టుకుని, ఈ మట్టిపిల్లను నా ఇంట్లో అడుగుపెట్టనివ్వను అని పళ్ళు నూరింది. ఆ సాయంత్రం ఆవిడ అన్విత పాలల్లో ఏదో పొడి కలుపుతుందని చదివేవాళ్ళకు తెలిసేలా రాశాడు. చివర్లో అన్విత అతని గుండెల మీద తలవాల్చి అంది, పెళ్ళయ్యాక ఈ మట్టి పని మానేస్తాను, మీ నీడే నా లోకం. తనకు తెలియకుండానే బిగబట్టిన ఊపిరిని కూడా వదిలింది.

కింద అప్పటికే వందల వ్యాఖ్యలు. లక్కీ వదిన అని, ఆ అత్తను తొందరగా చంపెయ్యండి రైటర్ గారూ అని.

ఆసిమా ఆమె మొహం చూసి తగ్గింది. ఇదంతా నిజం కాదా అనడిగింది. మాధురి జరిగింది చెప్పింది. ఆసిమా కాసేపు చేతిలోని గుడ్డ మడతపెట్టింది, విప్పింది. తను ఇవన్నీ నిద్ర పట్టడానికి చదువుతుందని, పొద్దంతా బేరాలాడి తల పగిలిపోతే ఎవరో ఒకడు ఎవర్నో ఎత్తుకుని మోస్తుంటే బాగుంటుందని చెప్పింది. "కని అమ్మను గట్ల రాసుడేందక్కా. పాపం, ఆమె దిగి మోసింది గద."

మాధురి అక్కడి నుంచే అతనికి ఫోన్ చేసింది. అతను సంతోషంగా ఎత్తాడు. ఎపిసోడ్ చదివారా, ఎలా ఉంది అని అడిగాడు.

నేను జారలేదండీ అని ఆమె చెప్పింది. మీరు దిగనూ లేదు.

అతను నవ్వాడు. జరిగింది జరిగినట్టు రాస్తే ఎవరు చదువుతారండీ, కొంచెం ఎలివేషన్ ఉండాలి కదా అన్నాడు. మీ అమ్మగారి గురించి ఎందుకలా రాశారంటే, విలన్ లేకపోతే ట్రాక్ నడవదన్నాడు. అమ్మ చదవదులెండి, ఆవిడకు ఫోన్ చూడడం రాదు అన్నాడు. ఆ మాట ఎంతో తేలిగ్గా అన్నాడు. నిజంగా జరిగిందని పైన ఎందుకు రాశారని అడిగితే, రీచ్ కోసమని చెప్పాడు.

మాధురి చివరిది అడిగింది. "పని మానేస్తానని నేనెప్పుడు అన్నాను?"

"అది స్టోరీకి కావాలండీ" అన్నాడు. "అయినా మానేస్తారుగా?"

అందులో కోపం లేదు, బెదిరింపు లేదు. తెలిసిన సంగతి మాట్లాడుతున్నట్టే ఉంది గొంతు. మీ రేటింగ్ ఇంకా కనపడలేదని కూడా గుర్తుచేశాడు.

మాధురి ఫోన్ పెట్టేసి, దారం కొనుక్కుని ఇంటికొచ్చింది. ఆ సాయంత్రం ఇంట్లో ఎవరితోనూ ఏమీ చెప్పలేదు. మడిలోకి వెళ్ళి ఆదివారం మెరకకు మోసిన ట్రేలు చూసుకుంది. అన్నీ పచ్చగా లేచాయి. ఒక్క వరస మాత్రం, గట్టుకు దగ్గరగా ఉన్నది, పలచగా వచ్చింది. ఆ పలక కోసం జత వెతుక్కుంటూ నిలబడ్డప్పుడే నీళ్ళు ఎక్కాయి దాని మీద.

శుక్రవారం పొద్దున వెంకటనారాయణ గోడ మీది పంచాంగం క్యాలెండరు దించి బల్ల మీద పరిచాడు. రామబ్రహ్మంగారు ఫోన్ చేసేలోగా రెండు మూడు తేదీలు చూసి పెట్టుకోవాలని అతని ఆలోచన. భ్రమరాంబ ఇడ్లీలు వడ్డిస్తోంది. మాధురి మడిలోంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, తన ఫోన్ నాయనమ్మకు కాకుండా తల్లికి ఇచ్చింది.

కొత్త భాగం తెరిచి ఉంది. ఇన్నాళ్ళూ ఆ నవల వైపు తొంగి చూడని భ్రమరాంబ, గరిటె పక్కన పెట్టి, నిలబడే చదివింది. చదువుతుంటే మొదట ఆమెకు ఏమీ తెలియలేదు. గట్టు మీది అత్తగారి దగ్గరకు వచ్చేసరికి ఆగింది. వెనక్కి వెళ్ళి రచయిత మాట మళ్ళీ చదివింది. తర్వాత చివరి పేరా. ఫోన్ అత్తగారి ముందు పెట్టకుండా బోర్లా తిప్పి బల్ల మీద ఉంచింది.

ఏమిటని వెంకటనారాయణ అడిగాడు. భ్రమరాంబ చెప్పింది. ఇంత జరిగినా ఆమె గొంతులో ఇంకా ఆశ ఉంది. కుర్రతనం, కథ కోసం రాసి ఉంటాడు, పెళ్ళయితే మారతాడని అంది. వెంకటనారాయణ కూడా, మాట్లాడి చూద్దామన్నాడు, చెబితే తీసేస్తాడన్నాడు.

"మంచి నవల రాయలేదని కాదమ్మా" అంది మాధురి. "అతను అక్కడే ఉన్నాడు. నిలబడి చూశాడు, వీడియో కూడా తీశాడు. అంతా చూసి ఇది రాశాడు."

వెంకటరత్నమ్మకు ఇక ఆగలేదు. వాడి చేతిలో పడితే నిన్ను ఏ భాగంలో చంపి ఏ భాగంలో లేపుతాడో అంది. ఈసారి ఎవరూ నవ్వలేదు, ఆవిడ కూడా.

భ్రమరాంబ ఇడ్లీ గిన్నె మీద మూత పెట్టింది. వెంకటనారాయణ క్యాలెండరు మీద వేలు పెట్టి ఉంచాడు, ఏ తేదీ మీదో అతనికే తెలియదు. రామబ్రహ్మంగారితో ఏం చెప్పమంటావని కూతుర్ని అడిగాడు.

మాధురి కంచం ముందుకు లాక్కుని కూర్చుంది. గొంతు పెంచలేదు. తల్లినీ, తండ్రినీ, నాయనమ్మనూ ఒకసారి చూసి చెప్పింది.

"ఈ పెళ్ళి నేను చేసుకోను నాన్నా. ఆయన ఫోన్ చేస్తే నాకివ్వు, నేనే చెప్తా. కోటేశ్వరమ్మగారికి నారు ఒప్పుకున్నాం కదా, అది మాత్రం మంగళవారం యంత్రంతో పాటు పంపుతున్నా. నేనే వెళ్ళి దగ్గరుండి నాటించి వస్తా."